ల్యాబ్‌లో పని ఎక్కడ ఆగుతోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం పరిశోధనశాలల నుంచే వచ్చాయి. ప్రయోగం ఎందుకు ఫలించలేదని ఎవరూ అడగలేదు. అసలు మొదలే కాలేదెందుకని అడిగారు. సీరం అయిపోయింది, మైక్రోస్కోపు దొరకలేదు, ఫ్రీజర్‌లో ట్యూబు కనబడలేదు, ఫైలు కదల్లేదు. ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో ఇలాంటి చిక్కులను ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పేరుతో చాలాకాలంగా చదువుతున్నారు, సరిచేస్తున్నారు. అందులో ల్యాబ్‌కు పనికొచ్చేది ఏది, పనికిరానిది ఏది అన్నది ఉత్తరాల వరసలోనే చూద్దాం.

ప్రశ్న: మాది సెల్ కల్చర్ ల్యాబ్, ఆరుగురు స్కాలర్లం. ఎప్పుడూ ఏదో ఒకటి నిండుకుంటూనే ఉంటుంది. అయిపోయాక ఇండెంట్ (కొనుగోలు కోరే కాగితం) పెట్టి రెండు నెలలు కూర్చుంటాం. స్టాకు రిజిస్టరు పెట్టాం, ఎక్సెల్ షీటు పెట్టాం. పదిహేను రోజులకే అందరూ రాయడం మానేశారు. మార్గం చెప్పండి.
– పీహెచ్‌డీ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: రిజిస్టరు మానేసినందుకు మీవాళ్లను తప్పుపట్టొద్దు. చేతికి గ్లవ్స్ వేసుకుని, హుడ్‌లో కణాలు పెట్టుకున్న మనిషి లేచి వెళ్లి 'ఒక సీసా తీశాను' అని రాస్తాడనుకోవడమే పొరపాటు. తీసిన ప్రతిసారీ లెక్క రాయాల్సిన పద్ధతి ఏదీ ల్యాబ్‌లో నిలవదు. ఒక్కసారి మాత్రమే, అదీ సరైన సమయంలో, మనిషిని కదిలించే పద్ధతి కావాలి.

ఆ సరైన సమయం ఏదో లెక్క కట్టుకోవాలి. కణాలు పెరగడానికి కలిపే ఎఫ్‌బీఎస్ (దూడ పిండం రక్తం నుంచి తీసే సీరం) తీసుకుందాం. కణాలకు ఆహారమైన మీడియం 500 మిల్లీలీటర్ల సీసాకు 55 మిల్లీలీటర్ల సీరం కలిపితే 500 మిల్లీలీటర్ల ఎఫ్‌బీఎస్ సీసా ఒకటి తొమ్మిది మీడియం సీసాలకు వస్తుంది. వారానికి నాలుగైదు మీడియం సీసాలు వాడే ల్యాబ్‌కు రెండు వారాలకు ఒక సీరం సీసా ఖర్చు. ఇప్పుడు పాత ఫైళ్లు తీసి చివరి ఐదు ఆర్డర్లకు ఎన్ని వారాలు పట్టిందో చూడండి. పర్చేజ్ ఆర్డర్ మీద ఉన్న తేదీ నుంచి కాదు, మీరు ఇండెంట్ మీద సంతకం పెట్టించిన రోజు నుంచి సీసా మీ ఫ్రీజర్‌లోకి చేరిన రోజు దాకా. ఉదాహరణకు 6, 7, 7, 9, 12 వారాలు వచ్చాయనుకోండి. చాలామంది సగటు తీస్తారు. ఎనిమిది వారాల పైచిలుకు వస్తుంది కాబట్టి నాలుగు సీసాలు మిగిలినప్పుడు ఆర్డర్ పెడతారు. ఆ లెక్కతో పోతే పన్నెండు వారాలు పట్టినసారి నెలరోజులు ఖాళీగా కూర్చోవాలి. తొమ్మిది వారాలు పట్టినప్పుడు కూడా చివరి వారం గండమే. అందుకే సగటు వద్దు, అన్నిటికంటే ఎక్కువ పట్టిన కాలమే పట్టుకోండి. 12 వారాలకు ఆరు సీసాలు. కొత్త లాట్‌ను (కొత్త తయారీ విడత సరుకును) పాతదాని పక్కన పెట్టి రెండు మూడు పాసేజీలు (కణాలను కొత్త పాత్రలోకి మార్చే విడతలు) పెంచి చూడడానికి ఇంకో రెండు వారాలు, అంటే ఇంకో సీసా. మొత్తం ఏడు. ఏడో సీసా దగ్గరే ఇండెంట్ కదలాలి.

ఇక ఆ ఏడో సీసాకు రబ్బరు బ్యాండుతో ఒక కార్డు కట్టండి. కార్డు మీద సరుకు పేరు, కంపెనీ, కేటలాగు నంబరు, ఎన్ని తెప్పించాలి, పోయినసారి ధర, ఏ ప్రాజెక్టు కింద అనే వివరాలు ఉండాలి. ఫ్రీజర్‌లో చెమ్మకు నానకుండా లామినేట్ చేయించండి. సీసాలు వరసలో నిలబెట్టి ముందు నుంచే తీయాలి, కార్డున్న సీసా, దాని వెనకవి చివర్న ఉండాలి. కార్డు సీసా చేతికొచ్చిన మనిషి చేయాల్సింది ఒక్కటే: కార్డు విప్పి తలుపు పక్కన మేకుకు తగిలించడం. ఆర్డర్లు చూసే వ్యక్తి సోమ, గురువారాల్లో ఆ మేకు చూస్తే చాలు. ఇండెంట్ పెట్టాక కార్డు పక్క మేకుకు మారుతుంది, దాని మీద తేదీ వేస్తారు. సరుకు వచ్చాక మళ్లీ సీసాకు కడతారు. ఎవరైనా 'సీరం చెప్పారా?' అని అడగక్కర్లేదు, రెండో మేకు చూస్తే తెలుస్తుంది. టయోటావాళ్లు కాన్‌బాన్ అని పేరు పెట్టుకున్నది ఈ కార్డు పద్ధతికే.

టిప్పులు, ట్యూబులు, గ్లవ్స్ లాంటి వాటికి ఇంత లెక్క కూడా అక్కర్లేదు. రెండు డబ్బాలు పెట్టండి. ముందు డబ్బా ఖాళీ అయితే వెనకది ముందుకు, ఖాళీ డబ్బా నేరుగా ఆర్డర్ బల్ల మీదికి. డబ్బానే కార్డు.

ఎంజైములకు లెక్క యూనిట్లలో కట్టండి. డీఎన్‌ఏ ప్రతులు తీసే టాక్ ఎంజైము 500 యూనిట్ల ట్యూబు, 25 మైక్రోలీటర్ల రియాక్షన్‌కు 0.625 యూనిట్ చొప్పున 800 రియాక్షన్లకు వస్తుంది. వారానికి రెండు 96 గుంతల ప్లేట్లు వేసే ల్యాబ్‌కు అది నాలుగు వారాల సరుకు మాత్రమే. చూడ్డానికి ట్యూబు నిండుగానే ఉంటుంది, అక్కడే మోసపోతాం.

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ఒకటి, కార్డు జేబులో పెట్టుకుని ఇంటికి పోవడం. మొదటి నెల నాలుగైదు కార్డులు అలాగే పోతాయి, కొత్తవి రాసుకోండి. రెండోది దీనికంటే పెద్ద జబ్బు: సొంత దాపరికం. ఒకసారి సరుకు నిండుకుంటే ప్రతి స్కాలరూ తన డ్రాయర్‌లో రెండు ప్యాకెట్లు దాస్తాడు. దాంతో బీరువా ముందే ఖాళీ అవుతుంది, ఇంకా ఎక్కువ దాస్తారు. డ్రాయర్లు తనిఖీ చేసి లాభం లేదు. రెండు మూడు నెలలు బీరువా ఖాళీ కాకుండా చూపిస్తే దాచిన సరుకు దానంతటదే బయటికొస్తుంది. మూడోది, ఎంజైములను మంచు తనంతట కరిగించుకునే ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రీజర్‌లో పెట్టడం. అది మంచు కరిగించడానికి రోజూ కొంతసేపు లోపల వేడి చేస్తుంది. స్టాకు లెక్క సరిగ్గానే ఉంటుంది, ఎంజైము మాత్రం పనిచేయదు.

అన్నిటికీ ఒకేసారి కార్డులు కట్టొద్దు. పోయిన ఏడాది ఏ సరుకు లేక పని ఆగిందో అందరినీ అడిగి పది పేర్లు రాయండి. ఆ పదింటికే మొదలుపెట్టండి.

ప్రశ్న: మా యూనివర్సిటీ కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు బాధ్యత నాది. బుకింగ్ షీటు చూస్తే మూడు వారాలు నిండి ఉంటుంది. గదిలోకి వెళ్లి చూస్తే చాలాసార్లు మనిషే ఉండడు. రెండో యంత్రం కొనాలని ప్రపోజల్ రాయమంటున్నారు. రాయమంటారా?
– సాంకేతిక అధికారి, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే రాయకండి. ముందు నాలుగు వారాలు రెండు అంకెలు పక్కపక్కన రాయండి: బుక్ అయిన గంటలు, నిజంగా వాడినట్టు లేజర్ వెలిగిన గంటలు. రెండోది సాఫ్ట్‌వేర్ లాగ్‌లో దొరుకుతుంది. రెండిటి మధ్య ఎంత తేడా ఉందో చూశాక మాట్లాడాలి.

షీటు ఎందుకు నిండుతుందో కూడా ఆలోచించండి. మూడు వారాల దాకా దొరకదని తెలిసినవాళ్లు, శాంపిల్ తయారవుతుందో లేదో తెలియకుండానే ముందు స్లాటు పట్టేస్తారు. తయారు కాకపోతే చెప్పరు, ఎందుకంటే వదులుకుంటే మళ్లీ మూడు వారాలు. మీ పొడవాటి క్యూయే ఖాళీ స్లాట్లను పుట్టిస్తోంది. ముందస్తు బుకింగును పది రోజులకు కుదించండి. ఒక్కొక్కరి పేర ఒకేసారి రెండు స్లాట్లు మించొద్దు. స్లాటు మొదలైన 20 నిమిషాల్లో లాగిన్ కాకపోతే అది ఎవరైనా తీసుకోవచ్చు. 24 గంటల ముందు రద్దు చేసుకుంటే రుసుము లేదు, చెప్పకుండా ఎగ్గొడితే పూర్తి రుసుము గైడు ప్రాజెక్టు ఖాతాలోంచి. ఈ చివరిది కాగితం మీద ఉంటే చాలదు, మొదటి నెలలో ఒకసారైనా నిజంగా వసూలు చేయాలి.

యంత్రాన్ని నూటికి నూరుపాళ్లు నింపాలన్న కోరిక మాత్రం మానుకోండి. క్యూల గణితంలో ఒక సులువైన లెక్క ఉంది. జనం వేళాపాళా లేకుండా వస్తారు, పని వ్యవధి ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది అనుకుంటే, యంత్రం వాడకంలో ఉండే శాతాన్ని ఖాళీగా ఉండే శాతంతో భాగించి, సగటు పని వ్యవధితో గుణిస్తే వేచి ఉండే సమయం వస్తుంది. సగటున రెండు గంటల పని అయితే, వాడకం 50 శాతం ఉన్నప్పుడు రెండు గంటలు ఆగాలి. 80 శాతానికి ఎనిమిది గంటలు. 90కి పద్దెనిమిది. 95కి ముప్పై ఎనిమిది. ముందే స్లాట్లు వేస్తే అంకెలు కొంత తగ్గుతాయి గానీ పోకడ మారదు. 80 నుంచి 95కి నెట్టి 'వాడకం పెంచాం' అని రిపోర్టులో రాసుకునేవాళ్లు, గది బయట ఆగే సమయాన్ని దాదాపు ఐదింతలు చేశారన్న సంగతి రాయరు. రోజుకు ఒకటిన్నర గంట బుక్ చేయకుండా వదలండి. ఆ రోజే శాంపిల్ సిద్ధమైనవాళ్లకు, పాడైనప్పుడు సర్దుబాటుకు అది పనికొస్తుంది.

మీ యంత్రానికి పాతకాలం మెర్క్యురీ ల్యాంప్ ఉంటే ఇంకొక జాగ్రత్త. వెలిగించాక కనీసం అరగంట ఆర్పకూడదు, ఆర్పాక అరగంట చల్లారందే మళ్లీ వెలిగించకూడదు. బల్బు ఆయుష్షు 200–300 గంటలే. తర్వాతి స్లాటు గంటలోపే ఉంటే ఆర్పొద్దని స్లాటు షీటు మీదే ముద్రించండి. లేకపోతే ప్రతి చేతిమార్పు దగ్గరా అరగంట గాలికి పోతుంది.

ఇవన్నీ చేశాక కూడా లేజర్ గంటలు 85 శాతం దాటి ఉంటే, ఆ నాలుగు వారాల అంకెలతో ప్రపోజల్ రాయండి. కమిటీ ముందు 'షీటు నిండిపోయింది' అన్న మాటకంటే అవి గట్టిగా నిలబడతాయి.

ప్రశ్న: −80 డిగ్రీల ఫ్రీజర్ తెరిస్తే మంచుగడ్డ, లోపల ఎవరివో తెలియని డబ్బాలు. ఐదేళ్ల కిందట వెళ్లిపోయిన సీనియర్ల పేర్లున్నాయి. పారేయడానికి భయం, ఉంచడానికి చోటు లేదు. ఇంకో ఫ్రీజర్ పెట్టడానికి గది లేదు.
– అసిస్టెంట్ ప్రొఫెసర్, గుంటూరు

జవాబు: ఒక మాదిరి నిలువు ఫ్రీజర్‌లో 500 డబ్బాలు పడతాయి. తొమ్మిది వరసలు, తొమ్మిది గళ్ల డబ్బాలో 81 ట్యూబులు. అంటే 40,500 ట్యూబులు. ఇంత సరుకున్న గోదాముకు జాబితా లేకపోతే ఏమవుతుందో మీరు చూస్తున్నారు.

ఒక్కరోజులో సర్దేద్దామని తలుపు బార్లా తీసి కూర్చోవద్దు. రోజుకు ఒక్క రాక్. బయటికి తీసిన రాక్‌ను మూతున్న థర్మోకోల్ పెట్టెలో డ్రై ఐస్ మీద పెట్టి పని చేయండి. డ్రై ఐస్ −78.5 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి శాంపిళ్లకు ప్రమాదం లేదు. కిటికీలు తెరిచి ఉంచండి, డ్రై ఐస్ నుంచి వచ్చే వాయువు కార్బన్ డయాక్సైడ్. ఇద్దరు ఉండాలి: ఒకరు తీసి చదువుతారు, ఒకరు రాస్తారు. చిరునామా ఇలా ఇవ్వండి: ఫ్రీజర్, అర, రాక్, డబ్బా, గడి. 'ఎఫ్1-3-బీ-07-ఈ4' అంటే ఒకటో ఫ్రీజర్, మూడో అర, బీ రాక్, ఏడో డబ్బా, ఈ వరసలో నాలుగో గడి. ట్యూబు పేరు ఎంత పొడవున్నా ఫర్వాలేదు గానీ చిరునామా లేని ట్యూబు లోపలికి పోకూడదు.

ఎవరివో తెలియని డబ్బాలను పారేయకండి, దాచనూ వద్దు. వాటన్నిటినీ కింది అరలో ఒకచోట చేర్చి, ఫొటోలు తీసి, వెళ్లిపోయినవాళ్లకు, డిపార్ట్‌మెంట్ మొత్తానికి మెయిల్ పంపండి. గడువు 90 రోజులు. ఆ తర్వాత గైడు సంతకంతో జాబితా చేసి, బయోసేఫ్టీ పద్ధతి ప్రకారం ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడితో కూడిన ఆవిరిలో సూక్ష్మజీవులను చంపి) తీసేయండి. మనుషుల నుంచి సేకరించిన శాంపిళ్లయితే ఎథిక్స్ కమిటీకి చెప్పకుండా ముట్టుకోవద్దు.

లేబుల్ దగ్గర జరిగే తప్పులు చిన్నవే, నష్టం మాత్రం పెద్దది. మామూలు మార్కర్ రాత ఆల్కహాల్ తగిలితే తుడుచుకుపోతుంది. మంచు పట్టిన ట్యూబుకు లేబుల్ అంటదు. అందుకే గడ్డకట్టే చలికి తట్టుకునే క్రయో లేబుల్‌ను గడ్డకట్టక ముందే, పొడిగా ఉన్న ట్యూబుకు అంటించాలి. మూత మీద రాసిన పేరును నమ్మొద్దు, మూతలు మారిపోతాయి. పక్కన కూడా రాయాలి.

జాబితా తయారయ్యాక దాన్ని బతికించుకోవడం అసలు పని. నెలకోసారి జాబితాలోంచి గుడ్డిగా పది ట్యూబులు ఎంచి, చెప్పిన గడిలో ఉన్నాయో లేదో చూడండి. పదికి తొమ్మిది దొరికితే సరే. ఏడు దొరికితే ఎవరో రాయకుండా తీస్తున్నారు, ఆ వారం మీటింగులో మొదటి మాట అదే కావాలి. ఇంకొకటి, స్కాలరు థీసిస్ ఇవ్వడానికి మూడు నెలల ముందు అప్పగింత మొదలవ్వాలి. పరీక్ష ఇది: జూనియరు ఆ సీనియరును ఒక్క మాట కూడా అడగకుండా, జాబితా మాత్రమే చూసి మూడు ట్యూబులు తీసి, వాటిలోని బ్యాక్టీరియానో కణాలనో మళ్లీ పెంచి చూపించాలి. అది జరిగాకే నో డ్యూస్ మీద సంతకం.

మంచుగడ్డ సంగతి: తలుపు రబ్బరు మీద మంచు పేరుకుంటే సందు పడి మరింత మంచు చేరుతుంది. వారానికోసారి ప్లాస్టిక్ గరిటెతో గీకండి, చాకుతో కాదు. కండెన్సర్ ఫిల్టరును మూడు నెలలకోసారి, వేసవిలో నెలకోసారి కడగండి. మన ఎండలకు గది 35 డిగ్రీలు దాటితే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, ముందు చచ్చేది అదే. −80 బదులు −70కి మార్చడం గురించి కూడా ఆలోచించండి. చాలా రకాల శాంపిళ్లకు −70 సరిపోతుంది, కరెంటు దాదాపు మూడో వంతు దాకా ఆదా అవుతుంది. ఆర్‌ఎన్‌ఏ, సున్నితమైన ప్రొటీన్లు ఉంటే మాత్రం మీ గుంపులో మాట్లాడుకున్నాకే మార్చండి. ఖాళీ మిగిలిన రాక్‌లను ఆనందంగా నింపేయకుండా పదో వంతు చోటు వదలండి. పక్క ల్యాబ్ ఫ్రీజర్ రాత్రి రెండింటికి ఆగిపోతే వాళ్లు పరిగెత్తుకొచ్చేది మీ దగ్గరికే. రేపు మీరు వాళ్ల దగ్గరికి.

ప్రశ్న: అయ్యా, పరిశోధన అంటే కార్ల తయారీ కాదు. ఫలితం ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు. మమ్మల్ని పనులు రాసే గోడబోర్డులు, కార్డులు, టార్గెట్లలో బిగిస్తే కొత్త ఆలోచన చచ్చిపోతుంది. మీ శీర్షిక దారి తప్పుతోందేమో చూసుకోండి.
– రిటైర్డ్ శాస్త్రవేత్త, సికింద్రాబాద్

జవాబు: టార్గెట్ల మాటలో మీతో వంద శాతం ఏకీభవిస్తాం. 'జూన్‌కల్లా ఫలితం రావాలి' అని తేదీ వేయడం తప్పు. అది అబద్ధపు డేటాకు పిలుపు. కానీ నిర్ణయానికి తేదీ వేయవచ్చు. 'ఈ క్లోనింగ్ మూడుసార్లు ప్రయత్నిద్దాం, రాకపోతే ఆపి కూర్చుని మాట్లాడదాం' అన్నది టార్గెట్ కాదు. ఏడో నెలలో పదకొండోసారి అదే ప్రయోగం ఒంటరిగా చేసే విద్యార్థిని కాపాడే మాట అది.

బోర్డు గురించి ఒక లెక్క. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం చాలా చిన్నది: చేతిలో ఉన్న పనుల సంఖ్యను, పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక పనికి సగటున పట్టే కాలం వస్తుంది. ఒక ల్యాబ్‌లో పన్నెండు ప్రాజెక్టులు నడుస్తూ ఏడాదికి మూడు పేపర్లు పూర్తవుతుంటే, ఒక్కోదానికి సగటున నాలుగేళ్లు. ఇందులో ఎవరి తెలివితేటల ప్రస్తావనా లేదు, సోమరితనం ప్రస్తావనా లేదు. అదే వేగం నిలుపుకుని చేతిలో పనులు ఆరుకు తగ్గిస్తే రెండేళ్లు. సాధారణంగా వేగం తగ్గదు, ఎందుకంటే పన్నెండింటిలో సగం ఎప్పుడూ ఎవరికోసమో ఆగే ఉంటాయి.

అది కళ్లకు కనబడాలనే బోర్డు. గోడ మీద నాలుగు గళ్లు చాలు: ఆలోచనలు, బెంచి మీద, విశ్లేషణలో, రాతలో. ఒక్కో ప్రాజెక్టుకు ఒక చీటీ. చీటీ మీద తర్వాతి అడుగు ఏమిటి, అది ఎవరి దగ్గర ఆగింది అన్నవే రాయాలి. ఆగినదానికి ఎర్రచుక్క, ప్రతి వారం ఇంకో చుక్క. వారానికి ఇరవై నిమిషాలు నిలబడే మాట్లాడాలి, ఎర్రచుక్కల గురించి మాత్రమే. 'ఈ వారం ఏం చేశావు?' అని అడగడం మొదలైతే బోర్డు చచ్చినట్టే. అప్పుడు విద్యార్థులు చుక్కలు పెట్టడం మానేస్తారు. చాలాచోట్ల ఎక్కువ చుక్కలు పడే చీటీలు 'గైడు దిద్దాలి' అన్నవే కావడం కూడా చూస్తారు. ఆ సంగతి బయటపడడం గైడుకు కాస్త ఇబ్బందే, కానీ బోర్డు పెట్టిందే అందుకు.

అమెరికాలో కేంబ్రిడ్జ్‌లోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ జీనోమ్ సీక్వెన్సింగ్ విభాగం ఇలాంటి మార్పే చేసింది. పూర్తయిన శాంపిళ్లను తర్వాతి దశవాళ్ల మీదికి నెట్టడం మాని, వాళ్ల దగ్గర చోటు ఖాళీ అయినప్పుడే వాళ్లు లాక్కునే పద్ధతి పెట్టుకున్నారు. మీ ఆలోచనలను బోర్డులో బిగించమని అక్కడా ఎవరూ అనలేదు. 'ఆలోచనలు' అన్న గడికి హద్దు లేదు. హద్దంతా 'బెంచి మీద' అన్న గడికే.

ప్రశ్న: మూడేళ్ల గ్రాంటు వచ్చింది. కొనుగోళ్లకే ఏడాది పోయేలా ఉంది. మార్చిలో ఖర్చు చేయమని ఒకటే ఒత్తిడి. ఎలా ప్లాన్ చేసుకోవాలి?
– అసోసియేట్ ప్రొఫెసర్, తిరుపతి

జవాబు: ముందు నిబంధన తెలుసుకోండి. 2025 జూన్‌లో కేంద్రం శాస్త్ర పరిశోధన సంస్థలకు కొనుగోలు పరిమితులు సడలించింది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షల రూపాయలకు, కొనుగోలు కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. మీ సంస్థ ఆ పరిధిలోకి వస్తుందా, మీ స్టోర్స్ దాన్ని అమలు చేస్తోందా అన్నది రాతపూర్వకంగా అడగండి. రాష్ట్ర యూనివర్సిటీలకు సొంత నిబంధనలుంటాయి. పరిమితి కిందికి రావడం కోసం ఒకే సరుకును ముక్కలు చేసి నాలుగు బిల్లులు పెట్టకండి. ఆడిట్‌వాళ్లు మొదట వెతికేది అదే.

సరుకులకు ఏడాది మొత్తానికి ఒకే రేట్ కాంట్రాక్టు చేసుకుని, డెలివరీ మాత్రం నెలనెలా విడివిడిగా రాయించండి. ఎంజైములు, యాంటీబాడీలు ఒకేసారి దిగితే గడువు దాటి పారేయాలి. ఆర్డర్లో కనీస గడువు షరతు పెట్టండి: వచ్చిన రోజుకు మొత్తం గడువులో మూడింట రెండొంతులు మిగిలి ఉండాలి. డ్రై ఐస్ మీద వచ్చే సరుకు శుక్రవారం బయల్దేరొద్దని ఆర్డర్లోనే రాయండి. శనివారం గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో దిగిన పెట్టెను సోమవారం తెరిస్తే ఐస్ ఉండదు.

యంత్రాల విషయంలో పని ఆగేది టెండరు దగ్గర మాత్రమే కాదు, గది దగ్గర కూడా. త్రీఫేజ్ లైను, యూపీఎస్, ఏసీ, ఎర్తింగ్, తలుపు వెడల్పు. యంత్రం ఇండెంట్ పెట్టిన రోజే ఇంజినీరింగ్ సెక్షన్‌కు కూడా కాగితం వెళ్లాలి. రెండూ సమాంతరంగా నడిస్తే నెలలు కలిసొస్తాయి. వారంటీ లెక్క యంత్రం దిగిన రోజు నుంచి కాదు, ఇన్‌స్టలేషన్ సంతకం నుంచి మొదలయ్యేలా రాయించండి. లేకపోతే పెట్టెలోనే వారంటీ కరిగిపోతుంది.

మార్చి గురించి: పెద్ద ఇండెంట్లన్నీ సెప్టెంబరుకల్లా లోపలికి పోవాలి. జనవరిలో పెట్టినవి మార్చి 31కి బిల్లు కావు.

ప్రశ్న: మా ఆటోక్లేవ్ ఒక్కటే. రోజుకు నాలుగు లోడ్లు కూడా కావు. పొద్దున్న పెట్టినవి సాయంత్రం దాకా దొరకవు.
– ల్యాబ్ టెక్నీషియన్, వరంగల్

జవాబు: 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ఒత్తిడితో ఉంచేది ఇరవై నిమిషాలే. వేడెక్కడం, చల్లారడం కలిపి గంటన్నర నుంచి రెండు గంటలు. ఆ రెండు గంటలను కుదించలేరు. మీ చేతిలో ఉన్నది లోడుకూ లోడుకూ మధ్య పోయే సమయం. మొదటి లోడు నడుస్తుండగానే రెండోది బుట్టలో సర్ది, టేపు అంటించి, పక్కన సిద్ధంగా ఉండాలి. రెండో బుట్ట కొనడమే మీకు అన్నిటికంటే చవకైన మార్పు.

వరస కూడా మార్చండి. పొద్దున 8.30కి ద్రవాలు, తర్వాత టిప్పులు, గాజుసామాను, అన్నిటికంటే చివర వ్యర్థాలు. వ్యర్థాలు ఎప్పుడూ శుభ్రమైన సరుకుతో కలపొద్దు. రెండు లీటర్ల ఫ్లాస్కును 250 మిల్లీలీటర్ల సీసాలతో కలిపితే, పెద్దది లోపలిదాకా వేడెక్కేసరికి చిన్నవాటిలో మీడియం మాడిపోతుంది. సీసాలు మూడింట రెండొంతులకు మించి నింపకండి, మూతలు వదులుగా ఉంచండి. ద్రవాల లోడుకు ఆవిరిని మెల్లగా వదలాలి, తొందరపడితే అవి పొంగి బయటికొచ్చి, అది తుడవడానికి ఇంకో గంట. టేపు మీద నల్లచారలు వేడి తగిలిందని చెబుతాయి, సూక్ష్మజీవులు చచ్చాయని కాదు. అందుకు స్పోర్ పరీక్ష (వేడికి తట్టుకునే బ్యాక్టీరియా స్పోర్లు చచ్చాయో లేదో చూడడం) వేరే చేయాలి.

ప్రశ్న: పిపెట్ల (ద్రవాలు కొలిచి తీసే పరికరాల) కాలిబ్రేషన్‌కు బయటివాళ్లు ఏడాదికోసారి వస్తారు. మధ్యలో మేమే చూసుకోవచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థి, కర్నూలు

జవాబు: చూసుకోవాలి కూడా. 1000 మైక్రోలీటర్ల పిపెట్‌తో డిస్టిల్డ్ నీటిని త్రాసు మీద పదిసార్లు తూయండి. 25 డిగ్రీల దగ్గర 1000 మైక్రోలీటర్లు 0.996 గ్రాములు, 30 డిగ్రీల దగ్గర 0.9946 గ్రాములు తూగుతాయి. పిపెట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8655 ప్రకారం ఈ పిపెట్‌కు సగటు తేడా 8 మైక్రోలీటర్లు, తూకాల మధ్య చెదురు 3 మైక్రోలీటర్లు మించకూడదు. నీటి ఉష్ణోగ్రత పట్టించుకోకుండా '1 గ్రాము రాలేదు' అనుకుంటే, వేసవిలో బాగున్న పిపెట్ కూడా ఐదు మైక్రోలీటర్లకు పైగా తక్కువ చూపిస్తుంది. 20 మైక్రోలీటర్ల పిపెట్‌ను మాత్రం నాలుగు దశాంశాల త్రాసు మీద తూచి తీర్పు చెప్పకండి. దాని హద్దే 0.2 మిల్లీగ్రాము, మీ త్రాసు చూపగలిగిన అతి చిన్న అంకె 0.1.